నిమిషంలో ఎన్‌పీసీ: చీటీ మీద నాలుగు వరుసలతో మనిషిని ఎలా నిలబెట్టాలి

బల్ల చుట్టూ కూర్చుని తలో పాత్ర వేస్తూ, డైస్‌తో కథ నడుపుకునే రోల్‌ప్లేయింగ్ ఆటలో ఆట నడిపే మనిషి, అంటే డీఎం, మీరే అనుకోండి. ప్లేయర్లవి కాని పాత్రలన్నీ, అంటే ఎన్‌పీసీలు, మీ నోటితోనే మాట్లాడాలి. మీరు రాజుగారి కొలువంతా రాసుకుని ఆటకు కూర్చుంటారు. ప్లేయర్లు కోట గుమ్మం దాకా వచ్చి, అక్కడ గడ్డిమోపు దించుకుంటున్న ముసలమ్మ దగ్గర ఆగిపోతారు. "అమ్మా, నీ పేరేంటి? ఈ కోటలోకి రాత్రిపూట ఎవరెవరు వస్తారు?" అని అడుగుతారు. ఆవిడ మీ నోట్సులో లేదు. "ఆఁ... ఆవిడ పేరు... లక్ష్మి" అంటారు మీరు. ఆ ఊళ్లో ఇప్పటికే ముగ్గురు లక్ష్ములున్నారు. మీరు నసిగిన ఆ రెండు సెకన్లలోనే ఆవిడ లెక్కలో లేని మనిషని బల్ల చుట్టూ అందరికీ తెలిసిపోతుంది.

దీనికి మందు ఇంకా ఎక్కువ రాసుకోవడం కాదు, తక్కువ రాయడం నేర్చుకోవడం. ఒక ఎన్‌పీసీ బల్ల మీద బతికేది మహా అయితే ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో ఆమె తాతముత్తాతల చరిత్ర ఎవరూ అడగరు. ఆమెకు ఇప్పుడేం కావాలి, ఎలా మాట్లాడుతుంది, ఏం తెలుసు అన్నవే అడుగుతారు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో నలుగురు కూర్చుని తెలుగులో ఆడుకునే ఆటకు తగ్గట్టు ఈ పద్ధతి చెబుతున్నాం. అంకెలు మాత్రం డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌వి. వేరే ఆట ఆడేవాళ్లు ఆ భాగం ఒక్కటీ మార్చుకుంటే సరిపోతుంది.

ముందు చీటీలు చింపండి

ఏ4 కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిచి చింపితే ఎనిమిది చీటీలొస్తాయి. ఒక సెషన్‌కు అవి చాలు. చీటీ చిన్నదిగా ఉండటంలోనే కిటుకుంది. చోటుంటే రాస్తూ పోతాం, రాసిందల్లా చదివి వినిపించాలనిపిస్తుంది, ప్లేయర్లు ఫోన్లు తీస్తారు.

చీటీ ముందువైపు నాలుగు వరుసలు: పనీ పేరూ, ఇప్పుడు కావలసింది, కనిపించే గుర్తు, తెలిసిన సంగతి. అంకెలు వెనకవైపు. ఆటకు ముందు మూడు చీటీలు నింపండి, తక్కిన ఐదూ ఖాళీగా ఉంచండి. ప్లేయర్లు ఎటు పోతే అటు ఆ ఐదూ పనికొస్తాయి.

పని ముందు, పేరు తర్వాత

చాలామంది పేరు దగ్గర మొదలుపెట్టి అక్కడే ఇరుక్కుంటారు. ముందు పని రాయండి. పని రాయగానే బట్టలు, చేతిలో వస్తువు, ఏ వేళకు ఎక్కడుంటాడు, ఎవరికి భయపడతాడు అన్నవి వాటంతటవే వచ్చేస్తాయి. "వ్యాపారి" అని రాస్తే ఏమీ రాదు. "ఎడ్ల బేరగాడు" అని రాయండి, మనిషి కళ్లముందు నిలబడతాడు.

పనుల కోసం ఎక్కడెక్కడో వెతకక్కర్లేదు. అలమండ, మానాపురం సంతలకు వెళ్లినవాళ్లకు ఫాంటసీ సంత ఎలా ఉండాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక డైస్ వేసి తీసుకోండి. 1 పడితే ఎడ్ల బేరగాడు, 2 పడితే ఆశీలు (సంత పన్ను) వసూలు చేసేవాడు, 3 పడితే కొండ మీద నుంచి చింతపండు, చీపుర్లు దించిన ఆమె, 4 పడితే ఇత్తడి బిందెలకు మాట్లు వేసేవాడు, 5 పడితే జముకు వాయిస్తూ కథ చెప్పే ఆమె, 6 పడితే తప్పిపోయిన దూడను వెతుక్కుంటున్న కుర్రాడు. కథ రేవుకు పోతే కళింగపట్నం లాంటి పాత ఓడరేవును ఊహించుకోండి. కోటకు పోతే బొబ్బిలి, విజయనగరం కోటల గుమ్మాలు ఉండనే ఉన్నాయి. ఊళ్ల పేర్లు మాత్రం మార్చండి. అసలు పేరు పెడితే "మా మేనత్తది ఆ ఊరే, అక్కడ నది లేదు" అని ఎవరో ఒకరు లేస్తారు, ఆట ఆగిపోతుంది.

ఇక పేరు. ఫాంటసీ కథల ఎల్ఫ్‌ల పేర్లు నోరు తిరగక అవస్థపడే బదులు మన ప్రాంతపు పేర్లే పెట్టండి: తవిటయ్య, అసిరమ్మ, పైడిరాజు, కూర్మయ్య, దాలినాయుడు, గౌరమ్మ, సన్యాసి, నీలమ్మ, ముఖలింగం, బంగారమ్మ. నోట్సు చివర ఇలాంటివి ఇరవై రాసుకుని, వాడిన పేరు వాడినట్టు కొట్టేయండి. ఒక్క జాగ్రత్త: ఒకే ఊళ్లో ఇద్దరి పేర్లు ఒకే అక్షరంతో మొదలవకూడదు. మన ఊళ్లలో అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ ఒకే వీధిలో ఉండటం మామూలే. బల్ల దగ్గర మాత్రం వచ్చే వారానికి నలుగురూ కలిసి ఒక్క అప్పల అయిపోతారు. తప్పక అలాంటి పేరే పెట్టాలంటే ఊళ్లోవాళ్లు చేసే పనే చేయండి, పేరు ముందు పని తగిలించండి: బండి అప్పలరాజు, కొబ్బరి అప్పలస్వామి.

కావలసింది: పొద్దుగూకేలోగా తేలేదై ఉండాలి

నాలుగు వరుసల్లో అసలైనది ఇదే. చీటీ మీద చోటు ఒక్క వరుసకే ఉంటే ఇదే రాయండి.

"డబ్బు కావాలి" అని రాస్తే పని జరగదు. డబ్బు ఎవరికి అక్కర్లేదు? పట్టుకోవడానికి కొస ఉండాలి. ఎంత, ఈ రోజే ఎందుకు, ఎవరికి తెలియకూడదు అని మూడు ప్రశ్నలు వేసుకోండి. "ఈ ఎడ్ల జత పొద్దుగూకేలోగా అమ్ముడవ్వాలి, చీకటి పడితే ఆశీలువాడు భటులతో వచ్చి ముద్రలు చూస్తాడు." ఇప్పుడు ప్లేయర్లు ఆ మనిషికి సాయం చేయొచ్చు, అడ్డుపడొచ్చు, బెదిరించొచ్చు, ఎడ్లు కొనేయొచ్చు. నాలుగు దారులు ఒక్క వాక్యంలోంచి వచ్చాయి.

రాసింది సరిగా ఉందో లేదో ఇలా చూసుకోండి: ప్లేయర్ ఐదు నిమిషాల్లో ఆ కోరిక తీర్చగలడా, లేదా చెడగొట్టగలడా? రెండూ కుదరకపోతే కోరిక మరీ పెద్దదై ఉంటుంది. "మాంత్రికుడి మీద పగ తీర్చుకోవాలి" అన్నది కథానాయకుడి కోరిక. గుమ్మం దగ్గరి ముసలమ్మకు ఆ మోపు నెత్తికెత్తేవాడు ఒకడు కావాలి, అంతే. "నాయినా, ఈ మోపు కాస్త నెత్తిమీద ఎట్టు, అప్పుడు సెప్తాను" అందనుకోండి, ప్లేయర్లలో ఎవడు లేచి ఎత్తుతాడో, ఎవడు విసుక్కుంటాడో చూడండి. ఆ పాత్రల స్వభావం మీకు అక్కడే తెలిసిపోతుంది.

గుర్తు: ఒక్కటే, అదీ చేతుల్లో

గొంతు మార్చి మాట్లాడాలని ప్రయత్నించేవాళ్లు మూడో వాక్యానికి తమ గొంతులోకి వచ్చేస్తారు. వారం తర్వాత ఆ గొంతు ఎలా పెట్టారో గుర్తుండదు. చేతులతో చేసే పని గుర్తుంటుంది. మాట్లాడేముందు చుట్ట వెలిగించబోయి ఆపేయడం, ఎదుటివాడి కాళ్ల వంకే చూడటం, ప్రతి మాటకీ వేళ్లు లెక్కపెట్టుకోవడం, ఇలాంటివి. ఒక మనిషికి ఒక్కటి చాలు. రెండు పెడితే నాటకం అవుతుంది, మూడు పెడితే ఎగతాళి అవుతుంది.

ఎడ్ల బేరగాడికి గుర్తు వెతకనక్కర్లేదు, సంతలోనే దొరుకుతుంది. తువ్వాలు కింద చేతులు పెట్టి, నోరు విప్పకుండా వేళ్లతో ధర చెప్పుకోవడం. ఒక తువ్వాలు నిజంగానే తెచ్చుకోండి. ముందే లెక్క చెప్పండి: ఒక వేలు పట్టుకుంటే ఒక వరహా, పిడికిలంతా పట్టుకుంటే ఐదు, అరచేతిలో గీస్తే అందులో సగం. బేరమాడే ప్లేయర్ తువ్వాలు కింద చెయ్యి పెడతాడు. ధర అతనికీ మీకూ తప్ప ఎవరికీ తెలియదు. పక్కవాళ్లు అతని మొహం చూస్తారు, "ఎంతంట? ఎంతంట?" అని గుసగుసలాడతారు. అతను నిజం చెప్పొచ్చు, పది వరహాలని చెప్పి రెండు తన సంచిలో వేసుకోవచ్చు. పేజీల కొద్దీ వర్ణన చేయలేని పని ఒక తువ్వాలు చేస్తుంది. చెయ్యి పట్టుకోవడం ఇబ్బందిగా ఉన్నవాళ్లుంటారు, ముందే అడగండి. వద్దంటే డీఎం తెర వెనక వేళ్లు చూపిస్తే సరి.

యాస గురించి ఒక మాట. ఎప్పట్నుంచో ఒక చెడ్డ అలవాటుంది. పనివాడూ తాగుబోతూ అమాయకుడూ మాత్రమే శ్రీకాకుళం యాస మాట్లాడతారు, సేనాపతీ మాంత్రికుడూ పుస్తకాల తెలుగు మాట్లాడతారు. మన బల్ల దగ్గర మనమే ఆ పని చేస్తే మరీ అన్యాయం. ఆటకూ నష్టమే, ఎందుకంటే నోరు విప్పగానే ఎవరు ముఖ్యమో ఎవరు కాదో ప్లేయర్లకు తెలిసిపోతుంది. కోట సేనాపతి చేతే "తలుపు తియ్యడం నా సేతిలో నేదు బాబూ. తీసినోడి తల మాత్రం నా సేతిలో ఉంటాది" అనిపించండి. బల్ల నిశ్శబ్దమవుతుంది. బిందెలకు మాట్లు వేసేవాడి చేత శ్లోకాల భాష మాట్లాడించండి, వీడెవడో అని ప్లేయర్లు వెంటపడతారు.

పిలుపుతోనే మనసు మార్చండి

తెలుగులో ఆడేవాళ్ల చేతిలో ఉన్న మంచి పనిముట్టు ఇది. చాలామంది వాడటం లేదు. నియమాల్లో ఎన్‌పీసీ వైఖరికి మూడు మెట్లున్నాయి: శత్రుభావం, ఎటూ కాని స్థితి, స్నేహం. వాటిని మీరు నోటితో ప్రకటించనక్కర్లేదు. కొత్తవాళ్లతో "బాబూ, మీరు" అంటున్న మనిషి, మంచి మాట వినగానే "అన్నియ్యా" అంటాడు. మగవాడితో "మావా" దాకా వస్తే పని అయినట్టే. ఆడ యోధురాలిని మొదట "అమ్మా" అని పిలిచిన ముసలమ్మ తర్వాత "అమ్మీ, ఇలగ కూసో" అంటే, ఆవిడ ఇంట్లో అన్నం దొరుకుతుందని అర్థం. అదే నోటి నుంచి "ఏటోయ్" వచ్చిందంటే కత్తి మీద చెయ్యి వేసుకోవలసిందే. డైస్ పడిన వెంటనే, ఫలితం చెప్పకుండా పిలుపు మార్చండి. ప్లేయర్లు వెంటనే పట్టేస్తారు.

ఇక్కడ ఒక చిక్కుంది. నలుగురు ప్లేయర్లను కలిపి "మీరు" అంటే అది మర్యాదో, బహువచనమో తెలియదు. పిలుపు మార్చినా ఎవరికీ వినపడదు. అందుకని ప్రతి ఎన్‌పీసీ నలుగురిలో ఒక్కరినే ఎంచుకుని మాట్లాడాలి. ఎవరిని ఎంచుకున్నాడన్నది కూడా ఒక సంగతే. బేరగాడు సంచి బరువుగా ఉన్నవాడితో మాట్లాడతాడు, పూజారి అందరిలో పెద్దవాడితో, గుమ్మం దగ్గరి భటుడు ఆయుధం పెద్దదిగా ఉన్నవాడితో. మిగిలిన ముగ్గురు మధ్యలో మాట కలిపినప్పుడు "నువ్వుండు, ఆయన్ని సెప్పనీ" అంటే చాలు, ఆ జట్టులో ఎవరు నాయకుడన్న గొడవ దానంతటదే మొదలవుతుంది.

వయసు తేడా ఉన్న ప్లేయర్లతో ఆడుతుంటే, పాత్రను "ఒరే" అన్నప్పుడు మనిషికి తగులుతుంది. "ఇది పాత్రను అంటున్నా" అని మొదటి సెషన్‌లోనే తేల్చుకోండి. లేకపోతే పాత్ర పేరు పెట్టి పిలవండి.

తెలిసిన సంగతి: ఒక నిజం, ఒక పొరపాటు, ఒక ధర

మన బేరగాడు తవిటయ్య. నిజం: తవిటయ్యకు ఆ ఎడ్లు అమ్మినవాళ్లు వచ్చినప్పుడు బండి చక్రాలు తడిగా ఉన్నాయి, అంటే నది రేవు దాటి వచ్చారు. పొరపాటు: వాళ్లు కొండవాళ్లని తవిటయ్య నమ్ముతున్నాడు, ఎందుకంటే కంబళ్లు కప్పుకుని ఉన్నారు. ధర: ఎడ్లు అమ్మిపెడితేనే చక్రాల సంగతి చెబుతాడు. కొండవాళ్ల మాట మాత్రం ఉచితంగా అందరికీ చెబుతాడు. తప్పుడు మాట చౌకగా, నిజం ఖరీదుగా దొరికేలా పెట్టడం ప్లేయర్లను నడిపించడానికి మంచి ఉపాయం. అయితే తవిటయ్య అబద్ధం ఆడటం లేదు, పొరబడ్డాడు. ఈ తేడా గుర్తుంచుకోండి. ఎదుటివాడి మనసు పసిగట్టే ఇన్‌సైట్ రోల్ వేస్తే "నిజమే చెబుతున్నాడు" అనే తేలుతుంది. వరసగా ఇద్దరు ఎన్‌పీసీలు మోసం చేస్తే చాలు, మూడోవాడు దేవుడైనా ప్లేయర్లు నమ్మరు. ప్రతి సంభాషణా విచారణ అయిపోతుంది. ఊరికి ఒక్క అబద్ధాలకోరు చాలు.

కొండవాళ్లనగానే గుర్తొచ్చింది. సవరలనో జాతాపులనో తెచ్చి గోబ్లిన్ రాక్షసుల వేషం వేయకండి. కొండ దిగి సంతకు వచ్చిన ఆమెకు కూడా చీటీ మీద అవే నాలుగు వరుసలుంటాయి: అడ్డాకుల కట్టలకు సరైన ధర రావాలి, చీకటి పడకముందే ఇల్లు చేరాలి. అలాగే ఊరి అమ్మవార్ల అసలు పేర్లు దుష్టశక్తులకు పెట్టకండి. కల్పిత పేరు పెట్టుకుంటే ఎవరికీ నొప్పి ఉండదు.

రోల్ ఎప్పుడు అడగాలి? సులువైన దానికి డీసీ (రోల్ అందుకోవాల్సిన అంకె) 10, మధ్యస్థానికి 15, కష్టానికి 20. ఎన్‌పీసీకి నష్టం లేని సంగతైతే రోల్ వద్దు, చెప్పేయండి. కాస్త ఇబ్బంది ఉంటే 10, చెబితే దెబ్బ పడుతుందంటే 15, తల పోతుందంటే 20. కోరిక తీర్చితే ఒక మెట్టు దించండి. మరొకటి మరీ ముఖ్యం: ఆ సంగతి తెలియకపోతే కథ ముందుకు కదలదనుకుంటే దాన్ని రోల్ వెనక దాచకండి. నలుగురూ 4, 6, 3, 7 వేస్తారు, మీరు గోళ్లు గిల్లుకుంటారు. సంగతి ఎలాగూ చెప్పించండి. రోల్ ఓడిపోతే దానికి చెల్లించాల్సింది పెంచండి: ధర రెట్టింపవుతుంది, లేదా వీళ్లు అడిగిన మాట సాయంత్రానికి ఆశీలువాడి చెవిన పడుతుంది.

వెనకవైపు అంకెలు

కొత్తగా లెక్కలు కట్టొద్దు. 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితంగా దొరుకుతున్న ఐదో ఎడిషన్ నియమాల పత్రం ఎస్‌ఆర్‌డీ 5.1లో సిద్ధంగా ఉన్న స్టాట్ బ్లాకులు (పాత్రల బలాబలాల అంకెలు) చాలు. మామూలు మనిషికి కామనర్: ఏసీ (దెబ్బ తగలాలంటే రోల్ అందుకోవాల్సిన అంకె) 10, హెచ్‌పీ (ఎంత దెబ్బకు ఓర్చుకుంటాడన్న లెక్క) 4. భటుడికి గార్డ్: ఏసీ 16, హెచ్‌పీ 11. దారిదోపిడీవాడికి బ్యాండిట్: ఏసీ 12, హెచ్‌పీ 11. కండలు తిరిగిన రౌడీకి థగ్: ఏసీ 11, హెచ్‌పీ 32. సేనాపతికి వెటరన్: ఏసీ 17, హెచ్‌పీ 58. చిన్న పూజారికి అకొలైట్: ఏసీ 10, హెచ్‌పీ 9. చీటీ వెనక "గార్డ్, 11" అని రాస్తే అయిపోయింది. ఈటె బదులు కర్రసాము కర్ర అని చెప్పండి, దెబ్బ లెక్క అదే. 2024 పుస్తకాల్లో కొన్ని పేర్లూ అంకెలూ మారాయి, ఏది వాడుతున్నారో చూసుకోండి.

ఈ అంకెల్లో ఒక ప్రమాదం ఉంది. ఫైర్‌బాల్ అనే నిప్పు మంత్రం దెబ్బ 8డీ6, అంటే ఆరు ముఖాల డైస్ ఎనిమిది, సగటున 28. సేవ్ (తప్పించుకోవడానికి వేసే రోల్) గెలిచినా సగం, అంటే 14. సంత మధ్యలో ఎవరైనా అది వేస్తే 4 హెచ్‌పీ తవిటయ్యే కాదు, 11 హెచ్‌పీ భటుడు కూడా మిగిలేది అరుదు. కథకు కావలసిన ఒకే ఒక సంగతి ఒకే ఒక కామనర్ దగ్గర పెట్టారంటే దాన్ని పోగొట్టుకోవడానికి సిద్ధపడాలి. అందుకే ముఖ్యమైన సంగతి రెండు చీటీల మీద రాయండి. తవిటయ్యకు చక్రాలు తెలుసు, రేవులో పడవ నడిపే నీలమ్మకు ఆ బండి తెలుసు.

ప్లేయర్లు ఊహించని మనిషిని పలకరించినప్పుడు అతని మూడ్ ఏమిటో మీకూ తెలియకపోతే, 1981 నాటి డన్జన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ నియమాల్లోని పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. లూడో డబ్బాలోని రెండు డైస్ చాలు. రెండూ వేసి కూడండి. 2 వస్తే మీదపడతాడు, 3 నుంచి 5 చిరాకు, 6 నుంచి 8 ఎటూ తేల్చుకోడు, 9 నుంచి 11 చెప్పేది వింటాడు, 12 అయితే చుట్టంలా చూసుకుంటాడు. మొత్తం 36 రకాలుగా పడే డైస్‌లో 16 సార్లు మధ్యలోనే పడతాయి, కాబట్టి ఎక్కువమంది మామూలు మనుషుల్లాగే ప్రవర్తిస్తారు. సంతలో అమ్ముకునేవాళ్లకు 2ను "పొమ్మంటాడు" అని చదువుకోండి, కత్తి దూయించకండి.

బల్ల దగ్గర చెడేవి

ఇద్దరు ఎన్‌పీసీలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెడితే మీరు మీతోనే మాట్లాడుకుంటున్నట్టు. రెండు వాక్యాలు దాటనివ్వకండి. "ఆశీలు దగ్గర ఇద్దరూ కాసేపు కీచులాడుకున్నారు, చివరికి తవిటయ్య తగ్గాడు" అని చెప్పేసి ప్లేయర్ల వైపు తిరగండి.

ఎన్‌పీసీని ప్లేయర్లు వెంట తీసుకుపోతామంటే సరే అనండి, కానీ చీటీ వాళ్ల చేతిలో పెట్టండి. పోరులో అతని వంతు ఒక ప్లేయర్ ఆడాలి. మీరే ఆడితే, మీకు తెలిసిన రహస్యాలన్నీ తెలిసిన మనిషి జట్టులో నడుస్తున్నట్టుంటుంది. అడుగడుగునా "తవిటయ్య ఏమంటాడు?" అని అడుగుతారు.

సెషన్ అయ్యాక చీటీ మీద ఒకే ఒక్క వరుస చేర్చండి: ప్లేయర్లు అతనికి ఏం చేశారు. "ఎడ్లు కొన్నారు, ఒక వరహా ఎగ్గొట్టారు." వచ్చే నెల అదే సంతలో అతను కనిపిస్తే "బాబూ" అనాలో "ఏటోయ్" అనాలో ఆ వరుసే చెబుతుంది. అసలు వాడని చీటీలు పారేయకండి. పని కొట్టేసి వేరే పని రాయండి, కోరిక మాత్రం ఉంచండి. గుమ్మం దగ్గరి ముసలమ్మను ఎవరూ పలకరించకపోతే, ఆవిడ గడ్డిమోపు రేవులో నీలమ్మ ఉప్పు బస్తా అవుతుంది. తవిటయ్య చచ్చిపోతే అతని చీటీ మీద పేరు కొట్టేసి తమ్ముడి పేరు రాయండి. ఎడ్లు ఇంకా అమ్ముడవలేదు, ఆశీలువాడు ఇంకా తిరుగుతూనే ఉన్నాడు, పైగా అన్నను చంపిందెవరో తమ్ముడికి తెలుసు.